ఎండుటాకులు తోడుంటే చాలు

"వాసన రాదా అక్కా?"

ఇంటి చెత్తతో ఇంట్లోనే ఎరువు చేసుకోమని ఎవరితో అన్నా మొదట వచ్చే మాట ఇదే. రెండో మాట, "పురుగులు పట్టవా?" మూడోది కాస్త గొంతు తగ్గించి అడుగుతారు, "మా అత్తగారు ఒప్పుకుంటారంటావా?" అని. మూడింటికీ జవాబులున్నాయి చెల్లెమ్మా. ముందు వాసన సంగతే తేల్చుకుందాం. అది ఉత్తుత్తి భయం కాదు. రెండు గదుల ఇంట్లో, వంటింటి పక్కనే పడకలు వేసుకునేచోట కంపు అంటే మాటలా మరి!

రోజూ మనం చేసే పని ఒక్కసారి చూడు. బెండకాయ తొడిమలు, సొరకాయ చెక్కు, రసం పిండేసిన చింతపండు పిప్పి, టీపొడి, పిల్లలు వదిలేసిన అన్నం, అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో వేసి, మూతి బిగించి ముడి వేస్తాం. లోపల నీళ్ళు బోలెడు, గాలి మాత్రం లేదు. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులకు అంతకన్నా మంచి చోటు దొరకదు. సాయంత్రానికి కవరు ఉబ్బుతుంది. మర్నాడు చెత్త ఆటో రాలేదంటే ఇక ఆ బుట్ట దగ్గరికి వెళ్ళలేం. అవే తొక్కల్ని గాలాడే కుండలో ఎండుటాకుల మధ్య వేశామనుకో, అక్కడ పనిచేసే జీవులే వేరు. అవి గాలి పీల్చుకుంటాయి, వేడి పుట్టిస్తాయి, తొక్కల్ని మెల్లగా నల్లటి ఎరువుగా మారుస్తాయి. ఆ ఎరువు వాసన నీకు తెలిసిందే. తొలకరి చినుకులకు నేలలోంచి లేచే వాసన ఏ జీవుల వల్ల వస్తుందో, ఇక్కడా అవే ఉంటాయి. కంపు తొక్కల్లో లేదు తల్లీ, మనం వేసిన ముడిలో ఉంది.

మారేడ్‌పల్లిలోనో, పద్మారావు నగర్‌లోనో, సీతాఫల్‌మండిలోనో మనం గుమ్మం ముందు పెట్టిన ఆ కవరు ఆటో ఎక్కుతుంది, చెత్త బదిలీ కేంద్రంలో పెద్ద లారీలోకి మారుతుంది, చివరికి జవహర్‌నగర్ చేరుతుంది. సికింద్రాబాద్‌కు ఈశాన్యంగా, మూడు వందల ఎకరాలు దాటిన డంపింగ్ యార్డు అది. ఒకప్పుడు ఊరికి దూరం. ఇప్పుడు దాని చుట్టూ దమ్మాయిగూడ, నాగారం వైపంతా ఇళ్ళు, బళ్ళు, దుకాణాలు. రోజుకు కొన్ని వేల టన్నుల చెత్త అక్కడికి వెళ్తుంది. ఏళ్ళ తరబడి పోసిన పాత గుట్టను కప్పేశారు. చెత్తను మండించి కరెంటు తీసే ప్లాంటు, 19.8 మెగావాట్లది, 2020లో మొదలైంది. మంచిదే. కాని సొరకాయ చెక్కు నిండా నీళ్ళే కదా, అది మండుతుందా? మండాలంటే ముందు ఆ నీళ్ళన్నీ ఇగిరిపోవాలి. గుట్టలో కూరుకుపోతే గాలందక మీథేన్ వాయువు అవుతుంది, వానకు నాని నల్లటి మురుగై కిందికి ఊరుతుంది. యార్డును ఆనుకున్న మల్కారం చెరువు అలాగే పాడైంది. దాన్ని బాగుచేయడానికి ఎంత యంత్రాంగం కావలసి వచ్చిందో!

వానాకాలం రాత్రుళ్ళు గాలి అటునుంచి తిరిగితే కిటికీలు మూసుకుని పడుకునే ఇళ్ళున్నాయి అక్కడ. ఆ ఇళ్ళలో ఉన్నదీ మనలాంటి అక్కాచెల్లెళ్ళే. మన వంటింటి కంపు మనకు అక్కర్లేదని వాళ్ళ వాకిట్లోకి పంపుతున్నాం. మాట కటువుగా ఉంది, నాకూ తెలుసు. అయినా అనకుండా ఉండలేను.

ఇంకొకరున్నారు, మన చెత్తను మనకన్నా దగ్గరగా చూసేవాళ్ళు. పొద్దున్నే ఈల వేసుకుంటూ వచ్చే ఆటో వెనక నించుని, మనం వేసిన ముడులు విప్పుతుందే, ఆవిడ. చాలా ఆటోల్లో భార్యాభర్తలిద్దరూ ఉంటారు, ఆయన నడుపుతుంటే ఆమె ఏరుతుంది. ఈసారి ఓ నిమిషం ఆగి చూడు. కవరు చింపుతుంది. టమాటా గుజ్జు పులిమిన పాలకవర్లు, అన్నం అంటుకున్న అట్టముక్కలు, ఆ మధ్యలో ఎక్కడో పగిలిన గాజుగ్లాసు. కడిగి ఆరిన పాలకవరు అమ్ముడవుతుంది. పొడిగా ఉన్న అట్టపెట్టె అమ్ముడవుతుంది. వాళ్ళ సంసారానికి నాలుగు రాళ్ళు పైన వచ్చేది వాటివల్లే. మన పులుసు తగిలిన అట్ట ఎవరికీ పనికిరాదు. తడిని విడిగా తీస్తే ముందుగా బాగుపడేది ఆమె చేతులు, ఆ తర్వాత ఆమె చీరకొంగున ముడివేసుకునే డబ్బులు. నాకైతే ఎరువు మాట ఎలా ఉన్నా, తడీ పొడీ వేరుచేయడానికి ఈ ఒక్క కారణం చాలు.

2015లో మునిసిపాలిటీ వాళ్ళు ఇంటింటికీ ఆకుపచ్చ బుట్ట ఒకటి, నీలం బుట్ట ఒకటి ఇచ్చిన సంగతి గుర్తుందిగా? ఆకుపచ్చది తడికి, నీలంది పొడికి. ఎన్ని ఇళ్ళలో ఆ ఆకుపచ్చ బుట్ట బియ్యం పోసుకోవడానికో, బట్టలు నానబెట్టడానికో వెళ్ళిపోయిందో మనకు తెలుసు. ఆ మరుసటి ఏడు, 2016లో, కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చి తడి, పొడి, మందులూ బ్యాటరీల్లాంటి ప్రమాదకరమైనవి, మూడూ వేరువేరుగా ఇవ్వాలంది. అయిదు వేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కాలనీలైతే తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువో గ్యాసో చేసుకోవాలని కూడా చెప్పింది. నిబంధన కాగితం మీదే ఉంటే ఏం లాభం? అది వంటింట్లోకి రావాలి. వంటింట్లోకి తేవలసింది మనం.

"మనం ఒక్కరం చేస్తే ఏమవుతుందక్కా" అనే మాట మాత్రం నా దగ్గర చెల్లదు. మన బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ సంగతి విను. వాడిపోయిన క్యాబేజీ ఆకులు, చితికిన టమాటాలు, కుళ్ళిన వంకాయలు, రోజుకు పది టన్నుల దాకా పోగుపడేవి. మన తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు, డాక్టర్ గంగాగ్నిరావు గారి బృందం, రూపొందించిన పద్ధతిలో అక్కడే ఒక బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. ఆ కుళ్ళిన కూరగాయలే రోజుకు దాదాపు 500 యూనిట్ల కరెంటు ఇస్తున్నాయి, క్యాంటీన్ పొయ్యికి గ్యాసు ఇస్తున్నాయి. 2021 జనవరి 31న ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో చెబితే దేశమంతా విన్నది ఈ మార్కెట్ గురించే. మనం సంచి పట్టుకుని బేరమాడి తెచ్చుకునే కూరగాయలు అక్కడినుంచి వచ్చేవే కదా! బజార్లో మిగిలినవి దీపమై వెలుగుతుంటే, మన సంచిలో వచ్చినవాటి తొక్కలు మాత్రం జవహర్‌నగర్ దారి పట్టడం నాకు మింగుడుపడదు.

ఇంకా వెనక్కి వెళ్తే మన సూర్యాపేట ఉంది. 2003 ప్రాంతంలో అక్కడ ఖాదర్ సాహెబ్ గారని మునిసిపల్ కమిషనర్ ఉండేవారు. లక్ష జనాభా ఉన్న ఊరు. వీధుల్లో చెత్తకుండీలే తీసేయించారు. కుండీ లేకపోతే ఎక్కడ పారేస్తారు? ట్రాక్టరు ఇంటి ముందుకు వస్తుంది, తడి వేరుగా పొడి వేరుగా అందించాలి. తడిది వానపాముల ఎరువయ్యేది, పొడిది అమ్మకానికి పోయేది. ఆయనేమీ విదేశీ యంత్రాలు తెప్పించలేదు, పెద్ద నిధులు తేలేదు. ఉన్న మనుషులతో, ఉన్న బండ్లతో చేశారు. ఇతర రాష్ట్రాలనుంచి అధికారులు చూసి నేర్చుకోవడానికి వచ్చేవారు. ఆ ఊరి ఆడవాళ్ళు ఇంటి గుమ్మంలో రెండు బుట్టలు పెట్టకపోతే ఆయన ఎంత తిరిగినా ఆ పని అయ్యేదా?

సరే, ఇక కొంగు బిగించు. పనిలోకి దిగుదాం.

నీకు కావలసింది ఒక కుండ, లేదా రంగులు వేయించినప్పుడు మిగిలిపోయిన ఇరవై లీటర్ల పెయింటు బకెట్. మట్టికుండ అయితే మేలు, ఒంటినిండా గాలి ఆడుతుంది, అదనపు తేమను అదే పీల్చుకుంటుంది. మూడు కుండలు ఒకదానిమీద ఒకటి పేర్చినవి కూడా దొరుకుతున్నాయి. బెంగళూరులో పూనమ్ బీర్ కస్తూరి అనే డిజైనర్ 2006లో డైలీ డంప్ పేరుతో వాటిని మొదలుపెట్టాక ఊరూరా వచ్చాయి. కొనగలిగితే కొను, లేకపోతే బకెట్టే చాలు, పని ఒకటే. బకెట్టుకు పక్కలనిండా చిల్లులు పొడవాలి, ఇనపచువ్వ కాల్చి గుచ్చితే సులువుగా దిగుతుంది. అడుగున నాలుగైదు చిల్లులు. కింద రెండు ఇటుకలు, ఇటుకల మధ్య ఒక పాత పళ్ళెం. ఎండా వానా నేరుగా తగలని చోట, బాల్కనీ మూలో, మెట్ల కిందో పెట్టు.

అడుగున నాలుగు వేళ్ళ మందాన కొబ్బరి పీచో, ఎండు పుల్లలో పరువు. దానిమీద గుప్పెడు పాత ఎరువు ఉంటే మంచిది, లేకపోతే చెట్టుకింది మట్టి, పిడకల పొడి, పులిసిన మజ్జిగ, ఏది ఉంటే అది కాస్త చల్లు. కావలసిన సూక్ష్మజీవులన్నీ అందులోనే వస్తాయి. ఇక ఆరోజు తొక్కలు. వంట చేస్తున్నప్పుడే చిల్లుల గిన్నెలో వేసి పెట్టుకుంటే నీళ్ళు కారిపోతాయి, రాత్రి గిన్నెలు సర్దేసరికి సిద్ధంగా ఉంటాయి. అరటితొక్క, కాకరకాయ గింజలు, కొత్తిమీర కాడలు, ఏవైనా సరే రెండు అంగుళాలకు మించకుండా తుంచు. ఎంత చిన్నవైతే అంత తొందరగా చివుకుతాయి. అవి వేసి, వాటికి రెండింతలు ఎండుటాకులు, నలిపినవి, పైన పరిచి మూత పెట్టు. ఒక గిన్నెడు తొక్కలకు రెండు గిన్నెల ఆకులు. నేను చెప్పేవాటిలో ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతావి మరిచిపోయినా ఫరవాలేదు.

ఎందుకలా అంటావా? తొక్కల్లో నత్రజని, నీరు ఎక్కువ. ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి పాతిక ముప్ఫై పాళ్ళ కర్బనం ఉంటే తృప్తిగా తిని పనిచేస్తాయి. ఆకు తక్కువైతే మిగులు నత్రజని అమ్మోనియా అయి ముక్కు పగలగొడుతుంది, తొక్కలు ముద్దకట్టి గాలి ఆడదు. ఆకు మరీ ఎక్కువైతే కంపేమీ ఉండదు, పని మాత్రం నత్తనడక నడుస్తుంది. రెంటిలో ఏదో ఒకవైపు మొగ్గాలంటే ఆకులవైపే మొగ్గు.

వారానికోసారి కర్రతో అడుగుదాకా కలియబెట్టు. కలిపినప్పుడు ఒక గుప్పెడు తీసి అరచేతిలో నొక్కి చూడు. పిండి ఆరేసిన బట్టంత తడి ఉండాలి, చుక్కలు కారకూడదు. కారితే ఇంకొన్ని ఆకులు. పొడిపొడిగా రాలితే, ముఖ్యంగా మన మే నెల ఎండల్లో, నాలుగు దోసిళ్ళ నీళ్ళు చిలకరించు. లోపల తెల్లటి బూజులాంటి దారాలు కనబడతాయి. భయపడకు, అవి మంచి లక్షణమే, గట్టి పీచుని కరిగించేవి అవే. నలుగురున్న ఇంట్లో బకెట్టు నిండడానికి నెల పట్టొచ్చు. రోజురోజుకీ కిందికి కుంగుతుంటుంది కాబట్టి ఎంత వేసినా నిండదేమిటని ఆశ్చర్యపోతావు. నిండాక మూతపెట్టి పక్కకు జరిపి, రెండో బకెట్టు మొదలుపెట్టు. మొదటిది నెలన్నర, రెండు నెలల్లో నల్లగా, పొడిపొడిగా తయారవుతుంది. ఏ తొక్క ఏదో గుర్తుపట్టలేనప్పుడు అయిపోయిందన్నమాట. జల్లెడ పట్టి, పైన మిగిలినవి తర్వాతి బకెట్టులో వేసెయ్.

ఇప్పుడు పురుగుల ప్రశ్న. రెండు రకాలున్నాయి. ముసురుకునే చిన్న చిన్న పండు ఈగలు, తొక్కలు పైకి కనిపించేలా వదిలేస్తే వస్తాయి. ఆకులతో పూర్తిగా కప్పితే రావు. ఇంకొకటి, లావుగా, గోధుమరంగులో మెలికలు తిరిగే పురుగులు. చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది, ఒప్పుకుంటాను. అవి ఒక రకం నల్ల ఈగ పిల్లలు. కరవవు, రోగాలు మోసుకురావు, చెత్తను ఆవురావురుమని తినేస్తాయి. కోళ్ళు పెంచేవాళ్ళు వాటిని కావాలని పెంచుకుంటారు. మరీ ఎక్కువైతే తడి ఎక్కువైందని అర్థం, ఆకులు దట్టించు. చీమలు పట్టాయంటే ఎండిపోయిందని అర్థం. ఎలుకలు, పందికొక్కులు రాకుండా ఉండాలంటే ఎముకలు, మాంసం, నూనె తేలే కూరలు, పాలు, ఊరగాయలు అందులో వేయకు. మిగిలిన అన్నం ఒక పిడికెడు వేయొచ్చు, గిన్నెడు వేయకు. గుడ్డు పెంకులు నలిపి వెయ్యి. కొబ్బరిచిప్ప, మామిడిటెంక ఏళ్ళు తీసుకుంటాయి, వాటిని పక్కన పెట్టు. ఆపిల్ పండ్ల మీది స్టిక్కర్లు తీసెయ్. పిల్లల డైపర్లు, మన ప్యాడ్లు మాత్రం ఇందులోకీ కాదు, పొడి బుట్టలోకీ కాదు. పాత పేపర్లో చుట్టి, పైన ఎర్రపెన్నుతో గుర్తుపెట్టి విడిగా ఇయ్యి. ఆటో వెనక నించునే ఆవిడను మరిచిపోకు.

ఆకులెక్కడివి అంటావేమో. సికింద్రాబాద్‌లో ఉంటూ అడగవలసిన ప్రశ్నేనా ఇది! మాఘం వెళ్ళి ఫాల్గుణం వస్తుంటే కానుగచెట్లు ఒక్కసారిగా ఆకు రాలుస్తాయి. వెనకే వేప. బాదం ఆకులు ఎర్రగా మారి అరచేతికన్నా పెద్దవి రాలతాయి. కంటోన్మెంటు రోడ్ల మీద నిద్రగన్నేరు చెట్ల కింద చీపురు పడితే బస్తాలకు బస్తాలు. ఈ రెండు నెలల్లో రెండు మూడు గోనెసంచుల నిండా తొక్కి పెట్టుకుంటే ఏడాది పొడుగునా వెతుక్కోనక్కర్లేదు. కానుగ, నిద్రగన్నేరు ఇట్టే చివుకుతాయి. బాదం ఆకు చింపి వెయ్యాలి. మామిడాకు మందం, పైన మైనం పూత, ఆలస్యంగా లొంగుతుంది, అయినా లొంగుతుంది. లష్కర్ బోనాలప్పుడు ఇంటికి తెచ్చుకున్న వేపమండలు, పండగలకు కట్టిన మామిడి తోరణాలు, ఎండాక ఆ సంచిలోకే. ఏ చెట్టూ లేని వీధిలో ఉంటే కొబ్బరి పీచు పొడి ఇటుకలు నర్సరీల్లో అమ్ముతారు, ఒకటి కొంటే చాలారోజులు వస్తుంది.

ఆ ఆకుల్ని వీధి మూల కుప్పపోసి అగ్గిపుల్ల గీసే అలవాటు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చలికాలం తెల్లవారుజామున పొగ పైకి లేవదు, పిల్లలు బడికి వెళ్ళే ఎత్తులోనే తిరుగుతుంటుంది. ఉబ్బసం ఉన్న ముసలివాళ్ళు ఆ ఉదయమంతా దగ్గుతూనే ఉంటారు. చెత్త బహిరంగంగా తగలబెడితే 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. జరిమానా మాట ఎత్తకుండానే చూడు, మీ వాచ్‌మన్‌తో, వీధి ఊడ్చే ఆమెతో మంచిగా మాట్లాడి ఒక గోనెసంచి చేతికిస్తే, తగలబెట్టే కుప్ప నీ ఇంటికే వస్తుంది. ఆమెకు పండగకు ఓ చీర పెట్టు, సంతోషిస్తుంది.

అత్తగారి సంగతి చివరికి ఉంచాను, కాని అది అన్నిటికన్నా సులువు. ఆమె పల్లెలో పుట్టి ఉంటే అడుగు, "మీ ఇంటి వెనక పెంటదిబ్బ ఉండేదా అత్తయ్యా?" అని. పేడ, బూడిద, ఊడ్చిన ఆకులు, పశువులు వదిలేసిన గడ్డి అన్నీ దానిమీదే వేసేవాళ్ళమనీ, ఎండాకాలంలో బండికెత్తి పొలానికి తోలేవాళ్ళమనీ ఆమె చెప్పడం మొదలుపెడితే నువ్వు రాసుకోవాలి. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసి, యశ్వంత్ వాడ్ గారితో కలిసి కంపోస్టు మీద పుస్తకం రాస్తే ప్రపంచమంతా దాన్ని ఇండోర్ పద్ధతి అంది. ఆయన మన రైతుల్ని చూసే చాలా నేర్చుకున్నానన్నారు. మీ అత్తగారు ఆ రైతుల ఇంటి ఆడబిడ్డ. ఆమెను పనివద్దనేదానిగా కాక, పని తెలిసినదానిగా చూడు, కుండ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

ఆమె అభ్యంతరం నిజంగా ఎక్కడ ఉంటుందంటే, పూజ పూల దగ్గర. దేవుడి మీంచి తీసిన పూలు ఉల్లిపాయ తొక్కలతో, గుడ్డు పెంకులతో కలపడమేమిటంటుంది. అందులో తప్పేమీ లేదు, ఆ మనసును నొప్పించనూ వద్దు. నిర్మాల్యానికి ఒక చిన్న కుండ విడిగా పెట్టు. పూసలు, దారాలు, జరీ పోగులు తీసేసి బంతి, చామంతి, తమలపాకులు, పత్రి అందులో వెయ్యి. ఆ ఎరువు తులసికోటకు మాత్రమే. ప్లాస్టిక్ సంచిలో చెరువులోకి విసిరేయడంకన్నా ఇదే ఎక్కువ మర్యాదగా లేదూ?

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ పని నీ నెత్తిన ఇంకో చాకిరీగా పడకూడదు. వంట నీదే, గిన్నెలు నీవే, పిల్లల బడి నీదే, ఇప్పుడు చెత్త కూడా నీదేనా? చెత్త ఇంటిల్లిపాదిదీ. తొక్కలు గిన్నెలో వేయడం ఎవరు తరిగితే వాళ్ళ పని. రాత్రి కుండలో వేసి ఆకులు కప్పడం పిల్లలది. అయిదు నిమిషాలు పట్టదు, పైగా పురుగుల్ని చూడాలని వాళ్ళకు సరదా. వారానికోసారి కలియబెట్టడం, బస్తాలు మోయడం, జల్లెడ పట్టడం మీ ఆయనది. మొదటిరోజే ఇలా పంచి చెప్పెయ్. "నేను మొదలుపెడతాను, తర్వాత మీరూ వద్దురుగాని" అని ఊరుకుంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదు, మన ఇళ్ళ సంగతి మనకు తెలియనిదా!

పెరడు ఉన్నవాళ్ళు, పాత మారేడ్‌పల్లి, బొల్లారం ఇళ్ళల్లో ఇంకా మామిడి, జామ చెట్లు ఉన్నవాళ్ళు, కుండలతో సరిపెట్టుకోనక్కర్లేదు. ఓ మూల మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తున కుప్ప వేస్తే లోపల 55 నుంచి 65 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. చలికాలం పొద్దున్నే పారతో తిరగేస్తే ఆవిరి లేస్తుంది. ఆ వేడికి కలుపు విత్తనాలు, తెగుళ్ళు చస్తాయి. కుండలో అంత వేడి రాదు, అందుకే తెగులు పట్టిన మొక్కల కొమ్మలు కుండలో వేయొద్దంటాను. వానపాములతో చేసుకోవాలనుకుంటే అదీ మంచిదే, కాని వాటికి మన ఎండాకాలం గండం. నీడ, తడిగోనె తప్పనిసరి. కొత్తవాళ్ళు కుండతో మొదలుపెట్టడమే నయం.

అపార్ట్‌మెంటు వాళ్ళకు ఒక హెచ్చరిక. కరెంటు మీద నడిచే యంత్రం తెచ్చి, ఒక్కరోజులో ఎరువు చేసిస్తామని అసోసియేషన్ మీటింగుకు ఎవరో వస్తారు. అది చాలావరకు చెత్తను ఎండబెట్టి పొడిచేయడమే. చివకని పొడిని కుండీలో వేసి నీళ్ళు పోస్తే అక్కడే కుళ్ళడం మొదలై మొక్క వేళ్ళను మాడుస్తుంది. యంత్రం కొన్నా ఆ పొడిని ఇంకొన్ని వారాలు ఆకులతో కలిపి మాగనివ్వాల్సిందే. కొనకముందే ఈ సంగతి అడగండి. నాలుగు ఇటుకల గదులు, ఇనప జాలి, ఆకుల బస్తాలు, శ్రద్ధగా చూసే ఒక మనిషికి సరైన జీతం, చాలా కాలనీలకు ఇంతకన్నా అక్కర్లేదు.

ఇక ఎరువు తయారయ్యాక ఏం చేయాలి? కుండీ మట్టిలో రెండు పాళ్ళ ఎర్రమట్టికి ఒక పాలు కలుపు. మన చుట్టుపక్కల ఎర్రమట్టిలో జీవం తక్కువ, నీళ్ళు పోస్తే జారిపోతాయి. ఎరువు కలిసిన మట్టి నీటిని పట్టి ఉంచుతుంది, ఎండాకాలం రెండుపూటలా పోయవలసింది ఒక పూటతో సరిపోతుంది. కరివేపాకుకు, బచ్చలికి, మిరపకు నెలకో గుప్పెడు చాలు. మొక్కలే లేవంటే పక్కింటివాళ్ళకిచ్చెయ్, కాలనీ పార్కుకిచ్చెయ్. అదీ కుదరకపోతే మీ ఆకుల సంచి నింపిన కానుగచెట్టు వీధిలోనే ఉందిగా, సిమెంటు వేయని చోటు చూసి, మొదలుకు అడుగు దూరంగా మట్టి గుల్లచేసి, చుట్టూ పోసి, పైన పలచగా మట్టి కప్పి ఒక బకెట్టు నీళ్ళు పోసిరా. కాండానికి ఆనించి మాత్రం పొయ్యకు, బెరడు మెత్తబడి చెట్టుకు చీడ పడుతుంది.